మన వెబ్‌సైటుకి కూడా ఒక డిపో కావాలి

(సంఘం వార్షిక కలయిక సందర్భంగా పలాసలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది నన్ను మన వెబ్‌సైటు గురించి మాట్లాడమన్నారు. పాట కాదు, డప్పు కాదు, కంప్యూటరు సంగతి. ఎంతమంది వింటారో అని భయంగానే ఉంది. అందుకే ముందు ఒక జరిగిన విషయం చెబుతాను. అందులో తప్పు నాది. అది ఒప్పుకుని మొదలుపెడితే తక్కినది చెప్పడం సులువు.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం అని మీకు తెలుసు. 1982లో అదే రోజున ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల గురించి ఏర్పడిన కార్యబృందం మొదటిసారి కూర్చుంది. దానికి గుర్తుగా 1994లో ఆ తేదీని ప్రకటించారు. ఒక ఏడాది ఆ రోజుకి మన సైటులో కొత్త పేజీ పెట్టాను. నలభై ఫోటోలు, కొన్ని పాటలు. ఫోటోలు కెమెరాలోంచి తీసినవి తీసినట్టే పెట్టేశాను. ఒక్కొక్కటి 5 ఎంబీ. పొద్దున్న పదింటికి లింకు వాట్సాప్ గ్రూపుల్లో వేశాం. మధ్యాహ్నం కాకుండానే సైటు మూతపడింది. తెర మీద ఒకటే మాట: ఈ నెలకి ఇచ్చిన బ్యాండ్‌విడ్త్ అయిపోయింది.

లెక్క తర్వాత వేసుకున్నాను. 40 ఫోటోలు, ఒక్కోటి 5 ఎంబీ. అంటే పేజీ బరువు 200 ఎంబీ. మనం కట్టిన చవక ప్లానులో నెలకి 20 జీబీ. వంద మంది ఆ పేజీని పూర్తిగా చూస్తే చాలు, నెల కోటా ఖాళీ. వంద మందికి మించి చూశారంటే నిజానికి సంతోషపడాలి. నేను మాత్రం తల పట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఒక హాస్టల్ నుంచి చెల్లి ఒకామె ఫోన్ చేసింది. "అన్నా, మా తాత పాడిన పాట పెట్టారంట కదా. మా హాస్టల్‌లో ప్రోగ్రాం ఉంది, వినిపిద్దామంటే తెరుచుకోవట్లేదు" అంది. ఆ తాత అప్పటికి చనిపోయి నాలుగు నెలలు. ఆ గొంతు మన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. సైటు మళ్లీ తెరుచుకుంది సెప్టెంబరు ఒకటిన. అప్పటికి ఆమె ప్రోగ్రాం అయిపోయింది.

హోస్టింగ్ వాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్లు చెప్పిందే ఇచ్చారు. మన పాటను మనవాళ్ల దగ్గరకు చేర్చే దారి నేను సరిగా వేయలేదు. ఈరోజు చెప్పబోయేది ఆ దారి గురించే. దాన్ని సీడీఎన్ అంటారు. విడదీస్తే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్.

డిపో లెక్క

సీడీఎన్ అర్థం కావడానికి కంప్యూటరు పుస్తకం అక్కర్లేదు. మన ఊళ్లలో జీసీసీ డిపో తెలియనివాళ్లు లేరు. గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది. డీఆర్ డిపో ఏం చేస్తుంది? బియ్యం, ఉప్పు, పప్పు పట్నంలో గోదాములో ఉంటాయి. ప్రతి ఇంటివాళ్లూ ఆ గోదాముకి పోలేరు. కాబట్టి సరుకు తెచ్చి కొండ కింద డిపోలో ఉంచుతారు. మనం డిపోకి వెళ్తాం. డిపోలో ఉంటే వెంటనే ఇస్తారు. లేకపోతే గోదాము నుంచి తెప్పించి ఇస్తారు. మన తర్వాత వచ్చినవాడికి అది సిద్ధంగా ఉంటుంది.

సీడీఎన్ సరిగ్గా ఇదే. మన సైటు అసలు కాపీ ఉండే కంప్యూటరు గోదాము. దాన్ని ఆరిజిన్ సర్వర్ అంటారు. సీడీఎన్ కంపెనీకి ఊరూరా డిపోలు ఉంటాయి. చెన్నైలో, ముంబైలో, హైదరాబాదులో, సింగపూర్‌లో, ఇంకా ఎన్నోచోట్ల. పలాసలో ఒక పిల్ల ఫోటో అడిగితే ఆ అడుగు ముందు దగ్గరి డిపోకి వెళ్తుంది. అక్కడ ఉంటే అక్కడినుంచే వస్తుంది. లేకపోతే డిపో గోదామును అడిగి తెచ్చి ఆమెకు ఇచ్చి, ఒక కాపీ దాచుకుంటుంది. అలా దాచిన కాపీని క్యాష్ అంటారు. డబ్బు కాదు, దాపుడు సరుకు. వంద మంది చూసినా గోదాము మీద పడే భారం కొద్దిపాటిదే. ఆ ఆగస్టు 9న మనకు ఇది ఉండి ఉంటే నెల కోటా అంత బేగి అయిపోయేది కాదు.

దూరం లెక్క కూడా చెబుతాను. గాజు తీగలో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన హోస్టింగ్ కంప్యూటరు అమెరికాలో తూర్పు తీరాన ఉందనుకోండి. పలాసకీ దానికీ సుమారు 13 వేల కిలోమీటర్లు. అడుగు పోయి జవాబు రావడానికి తక్కువలో తక్కువ 130 మిల్లీసెకన్లు. చెన్నై సుమారు వెయ్యి కిలోమీటర్లు. పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు. పేజీ తెరుచుకోవడానికి ఒక్కసారి పోయి వస్తే సరిపోదు. చిరునామా వెతకాలి, చేయి కలపాలి, తాళం చెవులు మార్చుకోవాలి, అప్పుడు పేజీ అడగాలి. మూడు నాలుగు సార్లు తిరగాలి. నిజంలో తీగలు తిన్నగా ఉండవు, మధ్యలో మలుపులు ఉంటాయి, మన టవర్ దగ్గర ఆలస్యం ఉంటుంది. కాబట్టి అసలు సమయం ఇంతకన్నా ఎక్కువే. మా అవ్వ ఫోన్ చేతిలో పట్టుకుని "ఏటిరా ఇది, బేగి తెరుసుకోదేటి?" అని అడిగే ప్రశ్నకి జవాబులో కొంత భాగం ఈ దూరమే.

ఈ ఆలోచన ఎక్కడిది?

1990ల నడుమ ఇంటర్నెట్‌కి జనం పెరిగేసరికి సైట్లు ఇలాగే మూతపడేవి. అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో లెక్కల ప్రొఫెసర్ టామ్ లైటన్, ఆయన విద్యార్థి డేనియల్ లూయిన్ దీనికి దారి వెతికారు. 1998లో ఆకమాయ్ అనే కంపెనీ పెట్టారు. కాపీలను లోకమంతా పంచి ఉంచడమే దాని పని. అప్పట్లో అది పెద్ద కంపెనీలు మాత్రమే కొనగలిగే సేవ. 2010లో క్లౌడ్‌ఫ్లేర్ మొదలయ్యాక చిన్న సైట్లకు ఉచిత ప్లాను వచ్చింది. 2014లో అదే కంపెనీ ప్రాజెక్ట్ గెలీలియో అనే పథకం పెట్టింది. దాడులకు గురయ్యే స్వచ్ఛంద సంస్థలు, కళా, మానవ హక్కుల బృందాలు దరఖాస్తు పెట్టుకుంటే రక్షణ ఉచితంగా ఇస్తారు.

లాభం కోసం నడవని సంస్థకి సీడీఎన్ ఎందుకు అని అడిగేవాళ్లకి ఒక ఉదాహరణ చాలు. మనలో చాలామంది చదువుకునే తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని నడిపే వికీమీడియా ఫౌండేషన్ విరాళాల మీద బతికే సంస్థ. వాళ్లు సొంతంగా డిపోలు పెట్టుకున్నారు. అసలు గోదాములు అమెరికాలో వర్జీనియా, టెక్సస్‌లలో ఉంటాయి. ఆసియా చదువరుల కోసం 2018లో సింగపూర్‌లో క్యాష్ కేంద్రం తెరిచారు. మనం అంత పెద్దవాళ్లం కాదు, సొంత డిపోలు కట్టలేం. ఇంకొకరి డిపోలో ఒక అర అద్దె లేకుండా దొరికితే వాడుకోవచ్చు.

మన చదువరులు ఎక్కడున్నారో కూడా ఆలోచించండి. మందస, మెళియాపుట్టి, పాతపట్నం కొండల్లో ఉన్నారు. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేటలో ఉన్నారు. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు మన చుట్టాలున్నారు. బ్రిటిష్ కాలంలో అస్సాం టీ తోటలకు తీసుకుపోయిన సవరల మనవలు ఉన్నారు. పనికోసం హైదరాబాదు, చెన్నై, ముంబై పోయినవాళ్లున్నారు. ఒకే ఊళ్లో గోదాము పెట్టి ఇంతమందికి పంచలేం.

ముందు మూట తేలిక చేయండి

డిపో పెట్టగానే అన్నీ అయిపోతాయి అనుకోవద్దు. డిపో దాకా సరుకు తెచ్చినా, అక్కడినుంచి కొండ మీదకి మోసేది మనమే. చెన్నై డిపో నుంచి మందస టవర్ దాకా బాగానే వస్తుంది. అక్కడినుంచి కొండ మలుపులో ఒక గీత సిగ్నల్‌తో ఉన్న ఫోన్‌కి చేరాలి. ఆ చివరి దారిని ఏ సీడీఎన్ కూడా బాగుచేయదు. కాబట్టి మొదటి పని బరువు తగ్గించడం.

ఫోటో వెడల్పు 1200 పిక్సెళ్లు చాలు. వెబ్‌పీ రూపంలోకి మారిస్తే చాలా ఫోటోలు 150 కేబీ దగ్గరకు వస్తాయి. నలభై ఫోటోలు 6 ఎంబీ. ఎక్కడ 200, ఎక్కడ 6! కిందకి జరిపినప్పుడే కింది ఫోటోలు దిగేలా లేజీ లోడింగ్ పెడితే ఇంకా తేలిక.

పాటలు. రికార్డు చేసిన అసలు వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10 ఎంబీ. దాన్ని పారేయకండి. అది మన విత్తనం. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు ఊళ్లలో దాచండి. సైటులో మాత్రం 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3 పెట్టండి. నిమిషానికి అర ఎంబీ కూడా పట్టదు. అయిదు నిమిషాల పాట రెండున్నర ఎంబీ. గొంతు స్పష్టంగానే వినిపిస్తుంది.

అక్షరాలు. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. భయపడక్కర్లేదు, సర్వర్ కుదించి పంపితే బాగా తగ్గిపోతుంది. తెలుగు ఫాంటు దాదాపు అన్ని ఫోన్లలో ఉంటుంది కాబట్టి అందం కోసం పెద్ద తెలుగు ఫాంటు దింపించకండి. సవర లిపి సంగతి వేరు. మంగెయి గొమాంగో 1936లో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అయినా మన ఫోన్లు చాలావాటిలో ఆ ఫాంటు లేదు. తెరిస్తే డబ్బాలు కనిపిస్తాయి. కాబట్టి ఆ ఫాంటును మన సైటే పంపాలి. నోటో వరుసలో ఆ లిపికి ఉచిత ఫాంటు ఉంది. అక్షరాలు, అంకెలు కలిపి 35 మాత్రమే కాబట్టి వోఫ్2 రూపంలో అది చాలా చిన్నది. ఒక్కసారి దిగితే ఫోన్‌లోనే ఉండిపోతుంది. మన లిపి మన పిల్లకి డబ్బాల్లా కనిపించకుండా ఉండాలంటే చేయాల్సిన పని ఇంతే.

అసలు పని, వరసగా

ఇప్పుడు చేతిపని. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

ఒకటి. సైటు పేరు, అంటే డొమైన్, ఎవరి పేరున ఉందో చూడండి. చాలా సంఘాల్లో అది పాత కార్యదర్శి తమ్ముడి స్నేహితుడి ఈమెయిల్ మీద ఉంటుంది. ఆ కుర్రాడు బెంగళూరు వెళ్లిపోతాడు, నంబరు మార్చేస్తాడు, పేరు గడువు తీరిపోతుంది. సంఘం ఈమెయిల్‌కి మార్చండి. పాస్‌వర్డ్‌తో పాటు రెండో తాళం పెట్టండి. తెరవగలిగేవాళ్లు కనీసం ఇద్దరుండాలి. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

రెండు. ఇప్పుడున్న డీఎన్ఎస్ వివరాలన్నీ ఫోటో తీసి దాచండి. ముఖ్యంగా ఈమెయిల్‌కి సంబంధించిన ఎంఎక్స్, టీఎక్స్‌టీ వరుసలు. సీడీఎన్‌కి మారినప్పుడు అవి జారిపోతే సైటు బాగానే ఉంటుంది, ఉత్తరాలు మాత్రం రావు. ఎందుకు రావట్లేదో తెలియడానికి వారం పడుతుంది.

మూడు. సీడీఎన్‌లో ఉచిత ఖాతా తెరవండి. మన డొమైన్ చేర్చండి. అది తెచ్చుకున్న వరుసల్ని మీ ఫోటోతో ఒక్కొక్కటి పోల్చండి. పాతచోట డీఎన్ఎస్‌సెక్ ఉంటే ముందు ఆపండి, లేకపోతే సైటు కనిపించదు. అప్పుడు వాళ్లిచ్చిన రెండు నేమ్‌సర్వర్ పేర్లను డొమైన్ కొన్నచోట మార్చండి. ఒక రోజు దాకా పట్టవచ్చు. పండగ ముందురోజు ఈ పని పెట్టుకోవద్దు.

నాలుగు. తాళం గుర్తు, అంటే హెచ్‌టీటీపీఎస్. సీడీఎన్‌లో దీనికి రకరకాల పద్ధతులుంటాయి. ఫ్లెక్సిబుల్ అనేది ఎంచుకోవద్దు. అందులో చదువరి నుంచి డిపో దాకా తాళం ఉంటుంది, డిపో నుంచి గోదాము దాకా సంచి నోరు తెరిచే ఉంటుంది. పైగా చాలా వర్డ్‌ప్రెస్ సైట్లు అందులో చక్రంలా తిరిగి తిరిగి తెరుచుకోవు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచిత సర్టిఫికెట్ గోదాము మీద కూడా పెట్టి, ఫుల్ స్ట్రిక్ట్ ఎంచుకోండి.

అయిదు. ఏది దాచాలి, ఎంతకాలం దాచాలి? ఇదే అసలు బుర్ర పెట్టాల్సిన చోటు. ఫోటోలు, పాటలు, ఫాంట్లు మారవు. ఏడాది దాచమని చెప్పండి. ఎప్పుడైనా మారిస్తే ఫైలు పేరే మార్చండి. ప్రకటనలు మారతాయి. ఉదాహరణ చెబుతాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత మందిని తినేస్తోందో మీకు నేను చెప్పక్కర్లేదు. మనం పరీక్షల శిబిరం శుక్రవారం అని సైటులో పెట్టాం. తర్వాత శనివారానికి మార్చాం. డిపోలో పాత కాపీ ఇంకా శుక్రవారమే చూపిస్తోంది. మెళియాపుట్టి నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన పెద్దాయన మూసిన తలుపు చూసి తిరిగిపోవాలి. ఆ ఆటో డబ్బులు ఎవరిస్తారు? కాబట్టి ప్రకటనల పేజీకి అయిదు నిమిషాలు మించి పెట్టకండి. మార్చిన వెంటనే పర్జ్ అనే బటన్ నొక్కండి. డిపోలో పాత సరుకు పారేయమని చెప్పడం అది.

ఆరు. పరీక్షించండి. క్లౌడ్‌ఫ్లేర్ వాడితే మన సైటు పేరు చివర ఇంగ్లీషు అక్షరాల్లో సీడీఎన్ హైఫన్ సీజీఐ, గీత, ట్రేస్ అని కొట్టి చూడండి. కోలో అనే వరుసలో మూడక్షరాల విమానాశ్రయం గుర్తు కనిపిస్తుంది. ఎంఏఏ అంటే చెన్నై డిపో. బీఓఎం అంటే ముంబై. ఎస్ఐఎన్ అని వస్తే సింగపూర్. ఉచిత ప్లానులో ఒక్కో మొబైల్ కంపెనీ దారిని బట్టి దూరపు డిపో తగలవచ్చు. దానికి బెంగపడకండి, గోదాము మీద భారం తగ్గడం మాత్రం ఖాయం. కంప్యూటరులో చూసేవాళ్లు డెవలపర్ టూల్స్ తెరిచి క్యాష్ స్టేటస్ దగ్గర హిట్ అని వస్తే డిపో నుంచి వచ్చిందని, మిస్ అని వస్తే గోదాము నుంచి తెచ్చారని తెలుసుకోవచ్చు. అన్నిటికన్నా మంచి పరీక్ష ఒకటుంది. ఊళ్లో అందరికన్నా పాత ఫోన్ ఎవరిదో అడిగి, వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని తెరిచి చూడండి.

వర్డ్‌ప్రెస్ కూడా మనకి బరువే అనుకుంటే ఇంకో దారి ఉంది. మార్పులు తక్కువగా ఉండే సైటును మామూలు పేజీలుగా తయారుచేసి గిట్‌హబ్ పేజెస్ లాంటిచోట పెడితే గోదాము, డిపో రెండూ వాళ్లే చూస్తారు. సైటు 1 జీబీ మించకూడదు, నెలకి 100 జీబీ దాకా పోవచ్చు అన్నది అక్కడి హద్దు. మన ఫోటోలు తేలిక చేశాక ఆ హద్దు మనకి చాలా ఎక్కువ. వీడియోలు మాత్రం ఎక్కడైనా ఉచిత సీడీఎన్ మీద వేయకండి. అవి యూట్యూబ్‌లో పెట్టి లింకు ఇవ్వండి.

డిపోలో పెట్టకూడనివి

ఇక్కడ కొంచెం గట్టిగా చెబుతాను, మన్నించండి.

స్కాలర్‌షిప్ కోసం పిల్లలు ఇచ్చిన కుల ధ్రువపత్రాలు, ఆధార్ కాపీలు, బ్యాంకు పుస్తకాల ఫోటోలు సైటులో ఎప్పుడూ పెట్టకండి. లాగిన్ అయ్యి చూసే పేజీలను డిపోలో దాచమని పొరపాటున చెబితే ఒకరి వివరాలు ఇంకొకరికి కనిపిస్తాయి. సభ్యుల పేజీలు, దరఖాస్తు పేజీలు, వర్డ్‌ప్రెస్ అడ్మిన్ పేజీలు క్యాష్ నుంచి తప్పించడం మర్చిపోకండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం లేకపోయినా మనకు ఆ మర్యాద ఉండాలి.

ఇంకొకటి. మన పూజలు, మన గోడల మీద వేసే బొమ్మలు, జన్నెల వేళ పెద్దలు పలికే మాటలు అన్నీ లోకానికి చూపించాల్సినవి కావు. డిపోలన్నిటికీ ఒకసారి పోయిన కాపీని మనం పర్జ్ చేయగలం. కానీ దాన్ని చూసినవాడు తన ఫోన్‌లో దాచుకుంటే తిరిగి తీసుకోలేం. కాబట్టి ఏ ఫోటో, ఏ పాట పెట్టాలన్నా ముందు ఆ ఊరి పెద్దలను, ఆ ఇంటివాళ్లను అడగండి. వద్దంటే వద్దు. చెప్పినవారి పేరు రాయాలా వద్దా అన్నది కూడా వాళ్లనే అడగండి. మన మాటల్ని పుస్తకాల్లోకి తెచ్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడి చెప్పుకుంటూ, సవరల దగ్గర సవర నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో సవర - ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అడిగి నేర్చుకున్నారు కాబట్టే అది నిలిచింది. మన చేతిలో ఇప్పుడు ఫోన్ ఉంది కాబట్టి అడగడం మానేస్తే ఎలా?

తుఫాను రోజు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. స్తంభాలు పడిపోయాయి, టవర్లు మూగబోయాయి. ఆ రోజుల్లో ఇక్కడున్నవాళ్లకు ఏ సీడీఎన్ కూడా పనికిరాదు. కరెంటే లేదు. ఆ నిజం మనం మర్చిపోకూడదు.

కానీ బయట ఉన్న మనవాళ్లు? మందసలో అమ్మ ఎలా ఉందో, ఏ ఊరికి దారి ఉందో తెలియక చెన్నైలో, ముంబైలో నిద్రలేకుండా ఫోన్లు పట్టుకు కూర్చున్నవాళ్లు? అలాంటి రోజున సంఘం సైటు ఒక్క పేజీ నిలబడి ఉంటే, ఏ ఊరి నుంచి కబురు వచ్చింది, బియ్యం ఎక్కడికి పంపాలి అన్నది రాయగలిగితే, ఎంత ధైర్యం! ఒకేసారి వేలమంది తెరిచే రోజు అదే. డిపోలు లేని సైటు ముందు పడిపోయే రోజు కూడా అదే. అందుకని ఫోటోలు ఏమీ లేని, అక్షరాలు మాత్రమే ఉన్న ఒక తేలిక పేజీ ఇప్పుడే తయారుచేసి ఉంచాలి. దాన్ని నడపగలిగే ఒక మనిషి జిల్లా బయట కూడా ఉండాలి. ఇక్కడ కరెంటు పోయినా అతను అక్కడినుంచి రాయగలడు.

సిగ్నల్ లేని ఊళ్ల కోసం పాటలన్నీ ఒక మెమరీ కార్డులో వేసి బడికి ఒకటి, హాస్టల్‌కి ఒకటి ఇవ్వండి. అది కూడా డిపోనే. అందరికన్నా దగ్గరి డిపో.

డిపో మూతపడే రోజు కూడా ఉంటుంది. 2021 జూన్ 8న ఫాస్ట్‌లీ అనే సీడీఎన్ ఆగిపోయి పెద్ద పెద్ద వార్తా సైట్లు మూతపడ్డాయి. 2025 నవంబరు 18న క్లౌడ్‌ఫ్లేర్ కొన్ని గంటలు తడబడింది. కాబట్టి ఒకే కంపెనీని దేవుడనుకోకండి. అసలు కాపీ మన దగ్గర, డొమైన్ మన చేతిలో, డీఎన్ఎస్ కాగితం మన బీరువాలో ఉంటే ఈ డిపో కాకపోతే ఇంకో డిపో. అవి మూడూ ఎవరి చేతిలోనో ఉంటే మాత్రం మనది అనుకున్న సైటు మనది కాదు.

మీకు మూడు పనులు

మాట ముగిస్తాను. నాకు ముగ్గురు నలుగురు కావాలి. కంప్యూటరు చదివినవాళ్లే అక్కర్లేదు.

మొదటి పని: సంఘం దగ్గరున్న ఫోటోలు, పాటల అసలు ఫైళ్లను జాబితా రాసి, రెండు హార్డ్ డిస్కుల్లో దాచడం. ఎవరు పాడారు, ఏ ఊరు, ఎప్పుడు, పెట్టడానికి ఒప్పుకున్నారా అన్న నాలుగు గళ్లతో పుస్తకం పెట్టడం.

రెండో పని: వాటికి తేలిక కాపీలు చేయడం. ఒక సాయంత్రం నేర్పిస్తే ఎవరైనా చేయగలరు.

మూడో పని: డొమైన్, హోస్టింగ్, సీడీఎన్ మూడు ఖాతాలను సంఘం పేరుకి మార్చి, తెరిచే విధానం కాగితం మీద రాసి, కొత్త కార్యవర్గం వచ్చినప్పుడల్లా సంతకం పెట్టి అప్పగించడం.

జీసీసీ డిపో మనకి బియ్యం, ఉప్పు ఇచ్చి ఊరుకోదు. మన చింతపండు, తేనె కూడా కొని బయటికి పంపుతుంది. సీడీఎన్ కూడా అంతే. లోకం నుంచి మనం తెచ్చుకోవడమే కాదు, మన గొంతు లోకంలో మనవాళ్లందరికీ చేరడానికి అది దారి.

ఫోన్ చేసిన ఆ చెల్లి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పోయిన నెల ఆమెకు లింకు పంపించాను. వాళ్ల తాత పాట రెండున్నర ఎంబీ. వాళ్ల ఊరి బోరు దగ్గర, రెండు గీతల సిగ్నల్‌లో వాళ్ల అమ్మ కూడా విన్నదంట. మన దగ్గర ఇంకా దాచి పెట్టుకున్న గొంతులు చాలా ఉన్నాయి. అవి కూడా అలా వినిపించాలంటే మీరు రావాలి. భోజనాలయ్యాక వెనకాల చెట్టు కింద కూర్చుంటాను. ఫోన్ తెచ్చుకోండి, పని అక్కడే మొదలుపెడదాం.